పటం విప్పడం నుంచి కొత్త ప్రింటు దాకా: ఇంట్లోని పాత ఫోటోలను కాపాడుకోవడం ఎలా?

చాలా ఇళ్లలో పాత ఫోటోలు గుర్తొచ్చేది పండక్కి ఇంటికి సున్నం వేయించేటప్పుడే. గోడ మీది పటం దించుతారు. వెనక అట్టను చెదలు తినేసి ఉంటాయి. ఫోటో ఒక మూల అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది, మధ్యలో పసుపు మరక. అప్పుడు ఎవరో ఒకరు తడిగుడ్డ తెస్తారు. ముందు ఆ గుడ్డ పక్కన పెట్టించండి, మిగతాది తర్వాత చూద్దాం.

నేను డార్క్‌రూమ్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దావిడ చేతిసంచిలో పటం పెట్టుకుని వచ్చారు. భర్త ఫోటో, పెద్దది చేయించాలని. బ్లాక్ అండ్ వైట్ ఫోటో మీద చేత్తో రంగులు వేసింది అది. బుగ్గలకు లేత గులాబీ, కండువా అంచుకు ఆకుపచ్చ. కాపీ తీసే ముందు శుభ్రంగా ఉంటే బాగుంటుందని నేనే దూది తడిపి, పిండి, నెమ్మదిగా తుడిచాను. రెండోసారి తుడిచేసరికి దూదికి గులాబీ రంగు అంటింది. మూడోసారికి చెవి దగ్గర పైపొర మెత్తబడి పాలమీగడలా ముడతపడి పక్కకు జరిగింది. ఆవిడ దగ్గర ఆయనది ఇంకో ఫోటో లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఉన్నంతవరకు చెయ్యి నాయనా" అన్నారు.

అప్పటినుంచి నా పని వరుస మారలేదు. ముందు చూడటం, తర్వాత కాపీ, ఆ తర్వాతే శుభ్రం. మీకు చెప్పేదీ ఆ వరుసే.

చోటు, సామాను

ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. పాత ఫోటో గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, మెత్తబడితే వేలిముద్ర పడిపోతుంది. పొడిగా ఉన్న రోజు ఉదయం పూట మొదలుపెట్టండి. ఫ్యాను ఆపి, బల్ల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరవండి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. తలకు నూనె రాసుకున్న రోజైతే మధ్యలో జుట్టు సర్దుకుని అదే చేత్తో ఫోటో పట్టుకోకండి, అంచులు మాత్రమే పట్టుకోండి. కాఫీ గ్లాసు ఆ గదిలోకే రానివ్వకండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఎప్పుడూ వాడని మెత్తటి బ్రష్షు, 2బి పెన్సిల్, తెల్ల కాగితపు కవర్లు, భూతద్దం, పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం, ఫోటో కంటే పెద్దగా ఉండే గట్టి అట్టముక్కలు రెండు. ఫోటోను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేటప్పుడు గాలిలో ఊపుకుంటూ వెళ్లకుండా అట్ట మీద పెట్టి తీసుకెళ్లండి. పాత కాగితం అప్పడంలా విరుగుతుంది.

పటంలో ఉండగానే మొదటి కాపీ

పటం విప్పకముందే ఫోన్‌తో ఒక కాపీ తీసుకోండి. విప్పేటప్పుడు ఏదైనా జరిగినా ఈ కాపీ మీ దగ్గర మిగులుతుంది. పటాన్ని కిటికీకి పక్కగా నిలబెట్టి, గదిలో లైట్లు ఆపండి. అద్దంలో మీ నీడ పడుతుంటే ఫోన్ వెనక ఒకరిని నల్ల దుప్పటి పట్టుకుని నిలబడమనండి, మెరుపు పోతుంది. ఫ్లాష్ వద్దు. దగ్గరికి వెళ్లి తీస్తే అంచులు వంగుతాయి కాబట్టి ఒక అడుగు వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ పెట్టండి. ఫోన్‌లో ముఖాలు నునుపు చేసే సెట్టింగ్ ఉంటే అది ఆపేయండి.

చేతిలో ఉన్నది ఏ రకం ఫోటో?

మన కంటికి పాత ఫోటోలన్నీ ఒకటే. కానీ కాగితం మీద బొమ్మ ఎలా నిలబడిందన్నదాన్ని బట్టే దాన్ని ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తెలుస్తుంది.

పలుచటి కాగితాన్ని మందపాటి అట్టకు అతికించి, బొమ్మ గోధుమ రంగులో, తెల్లగా ఉండాల్సిన చోట్లు లేత పసుపుగా ఉంటే అది అల్బుమెన్ ప్రింటు కావచ్చు. ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొనను కాగితానికి పూసి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పట్టించి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ప్రింట్ చేసేవాళ్లు. ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ 1850లో ఈ పద్ధతి బయటపెట్టాడు. ఆ శతాబ్దం చివరిదాకా ఎక్కువగా ఇదే నడిచింది. రాజా దీన్‌దయాళ్ తీసిన హైదరాబాద్ ఫోటోలు చాలావరకు ఇలాంటివే. ఆయన మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచి, అక్కడ కెమెరాను ఒక మహిళకే అప్పగించాడు. గోషాలో ఉన్న ఇల్లాలు కూడా తన ముఖం ఫోటోలో చూసుకోవాలని ఆ కాలంలోనే ఆలోచించిన ఆయనంటే నాకు ఎంతో గౌరవం. ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మీ ఇంట్లో ఇలాంటి ప్రింటు దొరికితే వంచకండి, అట్ట నుంచి ఊడదీయకండి. కాపీ తీసి కవర్లో పెట్టేయండి.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి దాని తర్వాతి రకం. స్టూడియోల్లో బ్రోమైడ్ అనేవాళ్లం. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జెలటిన్ పొరలో వెండి రేణువులు ఇరుక్కుని ఉంటాయి, ఆ రేణువులే బొమ్మ. కొత్తప్పుడు ఎంతోసేపు నీళ్లలో నానిన కాగితమే కదా, ఇప్పుడు తడి తగిలితే ఏమవుతుందని మీకు అనుమానం రావచ్చు. అప్పుడు ఆ పొర గట్టిగా ఉంది. ఏళ్ల తరబడి తేమ తగిలి బూజు పట్టాక ఆ బూజు జెలటిన్‌ను తింటుంది. తిన్నచోట అది నీళ్లలో కరిగిపోయేలా తయారవుతుంది. నా దూదికి జరిగింది అదే.

ఈ బ్రోమైడ్ ఫోటోను ఏటవాలుగా వెలుతురులో పట్టుకుంటే నల్లటి చోట్ల నీలంగా అద్దంలాంటి మెరుపు కనిపిస్తుంది. అది మురికి కాదు, లోపలి వెండే పైకి వచ్చి పేరుకున్నది. రుద్దితే బొమ్మే పోతుంది.

పసుపు మరకలకు చాలాసార్లు కారణం కడుగుడు తక్కువ కావడం. డెవలపర్ అనే మందునీళ్లలో బొమ్మ తేలాక ప్రింటును హైపో అనే ఇంకో మందునీళ్లలో వేస్తాం. వెలుతురు తగలని వెండి లవణాలను అది కరిగించేస్తుంది. ఆ గుణాన్ని 1819లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ గుర్తించాడు. ఫోటో చెరిగిపోకుండా నిలబడటం మొదలైంది దానివల్లే. కానీ ఆ హైపో కాగితంలో కాస్త మిగిలిపోయినా కొన్నేళ్లకు వెండిని పసుపు పట్టిస్తుంది. అందుకే పారే నీళ్లలో చాలాసేపు కడగాలి. మన పెళ్లిళ్ల సీజనేమో ఎండాకాలం. బావులు అడుగంటే రోజుల్లో, తెల్లారేసరికి ప్రింట్లు కావాలని పెళ్లివారు కూర్చుంటే, నాలుగు బకెట్ల నీళ్లతో అన్నీ కడగాల్సి వచ్చేది. అమ్మమ్మ పెళ్లి ఫోటో పసుపెక్కి, ఆవిడ చిన్ననాటి ఫోటో శుభ్రంగా ఉంటే ఆశ్చర్యపోకండి.

ఇక రంగు ఫోటోలు. తొందర పడాల్సింది వీటికే. చాలామంది 1950ల నాటి నలుపు తెలుపు ఫోటోనే ముందు కాపాడాలనుకుంటారు, 1980ల పెళ్లి ఆల్బమ్ బీరువాలో భద్రంగా ఉందిలే అనుకుంటారు. నలుపు తెలుపులో ఉన్నది వెండి. రంగు ఫోటోలో ఉన్నవి అద్దకపు రంగులు. ఆ కాలపు కాగితాల్లో నీలిరంగు చీకట్లో ఉన్నా కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది, అందుకే ఫోటో మొత్తం ఎర్రబారుతుంది. కాబట్టి ముందు ఆ పెళ్లి ఆల్బమ్ తీయండి.

వెనక్కి తిప్పి చూడండి

ఫోటో ముందు భాగం కంటే వెనక భాగమే ఎక్కువ చెబుతుంది. స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిల్‌తో రాసిన అంకె, అన్నీ ఫోన్‌తో తీసిపెట్టుకోండి.

ముద్రలో ఊరి పేరు ఇంగ్లీషులో బెజవాడ (విజయవాడ) అని, కోకనాడ (కాకినాడ) అని ఉంటే అది చాలా పాతది. చిరునామాలో 6 అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎందుకంటే మన దేశంలో పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజున. విజయనగరం జిల్లా అని ఉంటే, ఆ జిల్లా ఏర్పడిన 1979కి ఇటువైపుది. ఫోన్ నంబరు మూడు అంకెలే ఉంటే ఆ ఊళ్లో టెలిఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న కాలమన్నమాట. ముద్ర ఆధారంతో కచ్చితమైన ఏడాది చెప్పలేం. పాత రబ్బరుస్టాంపునే కొన్నేళ్లు వాడేవాళ్లు ఉంటారు, "దీనికి ముందు కాదు" అని మాత్రం చెప్పొచ్చు.

పటం కట్టేవాళ్లు వెనక అట్ట ఊడకుండా పాత న్యూస్‌పేపరు ముక్కలు అతికించేవాళ్లు. వాటిని చించి పారేయకండి. సినిమా ప్రకటనో, తేదీ ఉన్న మూలో దొరకొచ్చు. అది పటం కట్టిన కాలం చెబుతుంది, ఫోటో తీసిన కాలం అంతకు ముందుదే.

ఆ పెన్సిల్ అంకె స్టూడియోవాళ్ల నెగెటివ్ నంబరు కావచ్చు. మంచి స్టూడియోల్లో రిజిస్టరు ఉండేది. కస్టమరు కొన్నేళ్ల తర్వాత వచ్చి ఇంకో కాపీ కావాలంటే ఆ నంబరు చూసి నెగెటివ్ తీసేవాళ్లం. డిజిటల్ వచ్చాక చాలా స్టూడియోలు మూతపడ్డాయి. నెగెటివ్‌లు కొన్ని వెండి తీసేవాళ్లకు కాటా లెక్కన పోయాయి, కొన్ని చెత్తలోకి పోయాయి. అయినా ఒకసారి ఆ ఊరు వెళ్లి అడగండి. స్టూడియో లేకపోయినా ఆ ఇంటివాళ్లు ఉండొచ్చు, అటక మీద పెట్టెలు ఉండొచ్చు.

పటం నుంచి, ఆల్బమ్ నుంచి బయటికి తీయడం

పటాన్ని దుప్పటి మీద బోర్లా పెట్టండి. మేకులను కొట్టకుండా చిన్న పటకారుతో నిటారుగా లేపండి. వెనక చెక్కను మెల్లగా ఎత్తండి. ఫోటో దానంతటది వస్తే సరే. ఎక్కడైనా అద్దానికి పట్టుకున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆగిపోండి. బ్లేడు, వేడిగాలి, ఆవిరి ఏదీ వద్దు. అద్దానికి అతుక్కున్న ఫోటోను ఊడదీయడం ఇంట్లో చేసే పని కాదు. అద్దంతో సహా అలాగే ఉంచి, ఇంకా మంచి కాపీ తీసుకుని, అద్దం పగలకుండా అట్టల మధ్య పెట్టి దాచండి.

ఇంకో పెద్ద శత్రువు జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్. పెళ్లి కానుకగా ఇంటింటికీ వచ్చింది. ఆ జిగురు కాలం గడిచేకొద్దీ కొన్నిచోట్ల ఎండిపోతుంది, కొన్నిచోట్ల బంకలా పట్టేస్తుంది. మూల పట్టి లాగితే ఫోటో రెండు పొరలుగా చీలుతుంది. ఫ్లాస్ దారాన్ని రెండు చేతుల్లో బిగువుగా పట్టుకుని, ఫోటో మూల కిందకు దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ నెమ్మదిగా ముందుకు జరపండి. ఒక ఫోటోకు పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. దారం కూడా కదలకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి.

బయటికి వచ్చిన ఫోటో మీద దుమ్మును పొడి బ్రష్షుతో మధ్య నుంచి అంచుల వైపు తోయండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. ఇంట్లో చేసే శుభ్రం ఇంతే. పైపొర లేచి పెచ్చులుగా ఉన్నా, చేత్తో వేసిన రంగులు ఉన్నా బ్రష్షు కూడా వద్దు.

స్కానింగ్

సిటీలో స్కానర్ ఉన్న షాపులు దొరుకుతాయి, కానీ ఎవరి చేతికో ఇచ్చి రేపొస్తామని వెళ్లిపోకండి, పక్కనే కూర్చోండి. కాగితాన్ని లోపలికి లాక్కునే రకం స్కానర్‌లో పాత ఫోటో ఎప్పుడూ పెట్టనివ్వకండి. గాజు మీద పరిచే రకమే కావాలి.

లెక్క తేలిక. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 3 అంగుళాల ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 1,800 చుక్కలు వస్తాయి, అంటే 6 అంగుళాల ప్రింటు వస్తుంది. 12 అంగుళాలు కావాలంటే 1,200లో చేయాలి. నలుపు తెలుపు ఫోటో అయినా రంగులోనే స్కాన్ చేయించండి. పసుపు మరకను కంప్యూటర్లో తగ్గించాలంటే ఆ రంగు సమాచారం కావాలి. ఫైలు టిఫ్‌లో (వివరం పోకుండా దాచే రకం) ఒకటి దాచుకుని, వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్ (చిన్న సైజు రకం) వేరేగా చేసుకోండి. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. బంధువులకు పంపిన కాపీ ఉందికదా అని అసలు ఫైలు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

పెట్టెలో నెగెటివ్‌లు కూడా దొరికితే మీ అదృష్టం. ప్రింటు కంటే వాటిలో వివరం ఎక్కువ ఉంటుంది. వెడల్పుగా, చదరంగా 6 సెంటీమీటర్లు ఉంటే 120 ఫిల్ము. ఇళ్లలో అగ్ఫా క్లిక్ 3 కెమెరాలు ఉన్న రోజుల్లో ఒక రీలుకు 12 ఫోటోలు వచ్చేవి, ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమనేది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ చేసిన ఇందు ఫిల్ము అంచున పేరు కనిపించొచ్చు. గాజు నెగెటివ్ అయితే ముఖం దగ్గర భూతద్దం పెట్టి ఏటవాలుగా చూడండి. సన్నటి పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. టచింగ్ అనేవాళ్లం. కంటి కింద ముడతలను, స్ఫోటకపు మచ్చలను నెగెటివ్ మీదే పెన్సిల్ మొనతో పూడ్చేవాళ్లు. చెయ్యి వణికితే ముఖమే మారిపోతుంది కాబట్టి ఆ పని అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. నెగెటివ్‌లకు వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్ము కుళ్లుతున్నట్టు లెక్క. వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి, అన్నిటికంటే ముందు స్కాన్ చేయించండి.

పేర్లు

దీన్ని వాయిదా వేయకండి. ఫోటో ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుంది, అందులో ఉన్నవాళ్లను గుర్తుపట్టే మనిషి ఆగకపోవచ్చు.

స్కాన్‌ను మామూలు కాగితం మీద పెద్దగా ప్రింట్ తీసి, ఒక్కో ముఖం మీద అంకె వేయండి. పెద్దవాళ్లకు చూపు ఆనకపోతే టీవీలో పెట్టి చూపించండి. "వీళ్లెవరు?" అని వరుసగా అడిగితే పరీక్షలా ఉండి అలసిపోతారు. "ఈ చీర ఎక్కడ కొన్నారు అమ్మమ్మా?", "ఈ రోజు వంటవాళ్లు ఎవరు?" అని అడగండి. పేర్లు వాటంతటవే వస్తాయి. మాట్లాడుతుండగా ఫోన్‌లో రికార్డు చేయండి.

రాసేటప్పుడు వరసలు రాసి ఊరుకోకండి. "చిన్నాన్న, పెద్దత్త, బుజ్జి" అని రాస్తే రేపు మీ పిల్లలకు అర్థం కాదు. ఎవరికి చిన్నాన్న? ఇంటిపేరు, పేరు, ఎవరి కొడుకో, ఎవరి భార్యో, ఊరు, సందర్భం రాయండి. ఆడవాళ్లకు పుట్టింటి పేరు కూడా రాయండి, అది రాసేవాళ్లు తక్కువ. పాత కాగితపు ఫోటో వెనక 2బి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయొచ్చు. బాల్‌పెన్ నొక్కు ముందువైపు ముఖం మీద తేలుతుంది. వెనక నున్నగా ప్లాస్టిక్‌లా ఉండే ఫోటోలకు పెన్సిల్ పట్టదు, అందుకని ముందుగా కవరు మీద రాసి తర్వాత ఫోటో లోపల పెట్టండి.

దాచే చోటు

ఒక్కో ఫోటో ఒక్కో కాగితపు కవర్లో. ప్లాస్టిక్ కవర్లలో తేమ చిక్కుకుంటుంది. అటక మీద వేడి, మంచం కింద తేమ, కాబట్టి స్టీలు బీరువా మధ్య అరే మంచిది. కలరా ఉండలు, కర్పూరం, వేపాకు ఫోటోల మధ్య వేయకండి. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలం అయిపోయాక ఒకసారి తీసి చూడండి. డిజిటల్ ఫైళ్లు కనీసం రెండు చోట్ల ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

కొత్త ప్రింటు

గోడకు పెట్టాల్సింది కొత్త ప్రింటు. అసలు ఫోటో బీరువాలోనే ఉండాలి. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి. ముఖం తెల్లగా చేయొద్దని, వెనక తెర మార్చొద్దని, రంగులు వేయొద్దని. ఆ తెర మీది తాజ్‌మహల్ బొమ్మ, పక్కన పెట్టిన పూలకుండీ కూడా ఆ ఫోటోలో భాగమే. ఇప్పుడొచ్చిన యాప్‌లలో మసకబారిన ముఖం పెడితే కళ్లు మిలమిలలాడే ముఖం వస్తుంది. అది మీ తాతయ్య ముఖం కాదు, యంత్రం ఊహించి గీసినది. ముక్కు వంకర కాస్త సరిచేస్తుంది, కనుబొమ ఒత్తు చేస్తుంది, పదేళ్లకు ఇంట్లో అందరూ అదే ఆయన రూపం అనుకుంటారు. గీతలు, మరకలు తీయించండి. ముఖం జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. కనిపించని చోటు కనిపించనట్టే ఉండనివ్వండి.

కాగితం మెరుపు లేనిది అడగండి, గోడ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడదు. అద్దానికి, ఫోటోకు మధ్య చుట్టూ అట్ట పెట్టించండి. ఆ సందు ఉంటే ఈ ప్రింటు అద్దానికి అతుక్కోదు. ఎండ తగిలే గోడ, బాత్‌రూమ్ వెనక గోడ వద్దు. దండ వేసినా బొట్టు పెట్టినా అద్దం మీదే ఆగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, తుడిచేటప్పుడు మాత్రం నీళ్లు అద్దం మీద చల్లకుండా గుడ్డను తడిపి, గట్టిగా పిండి తుడవండి.

పటం మూసే ముందు వెనక అట్ట మీద పేర్లు, ఊరు, ఏడాది రాస్తారు కదా, దాని కింద ఇంకో వరుస వదలండి. పాత ఫోటో వెనక ముద్రలో కనిపించిన స్టూడియో పేరు, ఆ ఊరు, పెన్సిల్‌తో రాసిన ఆ నెగెటివ్ నంబరు అక్కడ రాయండి.